కొమ్మ కోసిన చోట ఏదైనా పూయాలా, వద్దా? (మామిడి, వేప, కొబ్బరి)

నూజివీడు_తోట:

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మాది మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, కొన్ని చిన్నరసాలు, అన్నీ పాతికేళ్ళ చెట్లు. మే నెల ఈదురుగాలికి కొన్ని చెట్ల పెద్ద కొమ్మలు విరిగాయి. ఒకదానికి కొమ్మ ఒరుగుతూ మాను మీద బెరడు మూరెడు పొడవున చీల్చుకుపోయింది. ఇంకో చెట్టుకు రెండు పెద్ద కొమ్మలు కలిసే పంగలో నిలువునా పగులు వచ్చింది గానీ కొమ్మ పడలేదు. కాయ కోత అయిపోయింది కాబట్టి విరిగినవి కోయించి, లోపలి గుబురు కూడా పల్చన చేయిద్దామని ఉంది.

కోసిన చోట ఏం పూయాలి అనే దగ్గర తలా ఒక మాట చెబుతున్నారు. మేస్త్రి తారు అంటాడు. మందుల కొట్లో తుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు అన్నారు. పక్క తోట పెద్దాయన పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తమంటున్నారు. అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తే అసలేమీ పూయొద్దు, పూస్తేనే చెట్టుకు చేటు అంటున్నారు. ఏది పట్టుకోవాలి?

ఇంకో రెండు ఉన్నాయి. ఇంటి ముందు వేపచెట్టుకు కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు నరికారు, జానెడు జానెడు మోళ్ళు మిగిలాయి. ప్రహరీ పక్క కొబ్బరి చెట్టు బోదెను ట్రాలీ గీరేసింది. వీటికీ అదే మందా?

కొమ్మకత్తెర:

వీడియోల్లో చెప్పేదీ నిజమే, కొట్లో చెప్పిందీ నిజమే. అవి రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. పూత వేస్తే గాయం త్వరగా మూసుకుంటుందా అంటే, మూసుకోదు. పూత వేస్తే ఫలానా తెగులు, ఫలానా పురుగు ఆగుతుందా అంటే కొన్ని చెట్లకు, కొన్ని కాలాల్లో ఆగుతుంది. దేన్ని ఆపడానికి పూస్తున్నారో పేరు పెట్టి చెప్పగలిగితే పూయండి. చెప్పలేకపోతే డబ్బా మూత తియ్యొద్దు.

కారణం చెట్టు కట్టడిలోనే ఉంది. దెబ్బతిన్న కర్ర మళ్ళీ బాగుపడదు. చెట్టు ఆ భాగాన్ని లోపలే మూసేసి, దాని మీద కొత్త కర్ర పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1970ల్లో దీన్ని నాలుగు గోడల లెక్కగా వివరించారు. పైకీ కిందికీ పాకకుండా అడ్డుకునే గోడ అన్నిటికన్నా బలహీనం, అందుకే పుచ్చు నిలువునా పొడుగ్గా సాగుతుంది. లోపలి వలయాల వైపు ఒకటి, పక్కలకు ఒకటి. నాలుగోది గాయం తగిలాక పుడుతుంది. గాయం నాటికి ఉన్న కర్రకూ, ఆ తర్వాత పెరిగే కర్రకూ మధ్య కట్టే ఈ గోడే అన్నిటికన్నా గట్టిది. తొర్ర పడిన చింతచెట్టు ఏళ్ళ తరబడి కాపు కాస్తుందంటే అది ఈ గోడ బలమే. షైగో, ఆయన తోటి పరిశోధకుడు షార్టిల్ కలిసి గాయాల పూతల మీద 13 ఏళ్ళ ప్రయోగాల ఫలితాలను 1983లో ప్రచురించారు. పూత పుచ్చును ఆపలేదన్నదే అందులో తేలింది. బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, రంపం తీసేలోపే కోత మీద వాలతాయి. పైన రంగు వేస్తే వాటిని లోపల పెట్టి మూసినట్టే.

తారు, ఎనామిల్ పెయింటు ఇంకా నష్టం. మన ఎండలకు ఆ పూత బీటలు తీస్తుంది, బీటలో వాననీరు దిగుతుంది, పూత కింద తడి ఆరదు. పైగా గాయం అంచున బెరడుకూ కర్రకూ మధ్య ఉండే పల్చటి పచ్చి పొరను తారు మాడ్చేస్తుంది. గాయాన్ని కప్పే కొత్త బెరడు పుట్టాల్సింది ఆ పొరలోంచే.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. పూయొద్దని చెప్పే ఆ అమెరికాలోనే టెక్సాస్‌లాంటి చోట్ల ఓక్ చెట్టు కొమ్మ కోస్తే వెంటనే రంగు వేయమంటారు. అక్కడ ఓక్ విల్ట్ అనే తెగులు ఉంది. పచ్చి గాయం రసానికి వచ్చే చిన్న పెంకు పురుగులు దాన్ని మోసుకొస్తాయి. రంగు ఆ పురుగుకు అడ్డం, అంతే.

ఇక అసలు పని కోత. చాలా చెట్లు పుచ్చేది పూత లేక కాదు, తప్పు చోట కోసినందుకు. కొమ్మ మొదట్లో చేత్తో తడమండి. పైవైపు పంగలో బెరడు ముడతలు పడి గట్టులా లేచి ఉంటుంది. కిందివైపు కొద్దిగా ఉబ్బు తగులుతుంది. ఆ గట్టు నుంచి ఆ ఉబ్బు వరకూ ఉన్నది కొమ్మ మెడ. అది మానుకు చెందిన కర్ర, చెట్టు గోడ కట్టేది అక్కడే. కోత మెడను తాకకుండా, దానికి సరిగ్గా బయట పడాలి. మానుకు చదునుగా కోస్తే మెడ పోయి మాను కర్రే బయటపడుతుంది. జానెడు మోడు వదిలితే అది ఎండి, కొత్త బెరడు దాన్ని దాటలేక ఆగిపోతుంది. పుచ్చు ఆ మోడు లోంచే మానులోకి దిగుతుంది.

బరువు కొమ్మను ఒకే కోతకు తీయొద్దు. మెడకు అడుగు దూరంలో కిందినుంచి పైకి మూడో వంతు మందం వరకు ఒక గాటు పెట్టండి. దానికి రెండు మూడు అంగుళాల అవతల పైనుంచి కోయండి, కొమ్మ విరిగినా చీలిక ఆ కింది గాటు దగ్గరే ఆగుతుంది. మిగిలిన మోడును చేత్తో ఆనించి పట్టుకుని మెడ బయట మూడో కోత. కింది గాటు పెట్టకపోవడం వల్లే బెరడు మాను పొడుగునా చీల్చుకుపోతుంది. గొడ్డలి, కత్తి వద్దు, పదునైన రంపమే వాడండి. బంక కారే చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేటప్పుడు రంపం పళ్ళను స్పిరిట్‌తో తుడవండి.

చీలిన బెరడు సంగతి: ఊడి వేలాడుతున్నదాన్ని పదునైన కత్తితో, మానుకు గట్టిగా అంటుకుని ఉన్న బెరడు తగిలేవరకు మాత్రమే తీసేయండి. అంచులు నున్నగా ఉండాలి, నీరు నిలిచే జేబులు ఉండకూడదు. గాయాన్ని అందంగా చేద్దామని కోడిగుడ్డు ఆకారంలో వెడల్పు చేయడం పాత అలవాటు, దానివల్ల బతికున్న బెరడు ఉత్తగా పోతుంది. ఇకముందు ఎప్పుడైనా బెరడు అప్పుడే లేచి, లోపల ఇంకా జిగటగా తడిగా ఉంటే పారేయకండి. అదే చోట అదిమిపెట్టి, గుడ్డతో బిగించి కట్టి, పైన నల్ల పాలిథిన్ చుట్టండి. ఎండ తగలకూడదు, లోపల ఆరకూడదు. రెండు వారాలకు విప్పి చూస్తే అతుక్కున్నదీ లేనిదీ తెలుస్తుంది. మీది మేలో చీలింది కాబట్టి ఇప్పుడు ఆ అవకాశం లేదు.

తుత్తం_సున్నం:

కొమ్మకత్తెర గారు చెప్పిన సూత్రం సరైనదే. మీ మామిడికి మాత్రం శత్రువుల పేర్లు ఉన్నాయి.

ఒకటి లాసియోడిప్లోడియా అనే బూజు. మామిడిలో కొమ్మలు చివర్నుంచి ఎండుతూ రావడం, బెరడు పగిలి బంక కారడం చాలావరకు దీని పనే. పచ్చి గాయాల్లోంచి, పగుళ్ళలోంచి లోపలికి వెళుతుంది. మీరు కోయించబోయేది జూన్, జూలైల్లో, అంటే సరిగ్గా వానల్లో. రెండోది కాండం తొలిచే పురుగు, బాటొసెరా. పొడవాటి మీసాల పెద్ద పెంకు పురుగు ఇది. బెరడు చీలినచోట, పగుళ్ళలో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపల సొరంగం చేసుకుంటూ పోతుంది. అందుకే ఇక్కడ బోర్డో పేస్టు వేయమనడం. అది గాయాన్ని మాన్పదు, వానలు దాటేవరకు బూజుకు కాపలా కాస్తుంది.

బోర్డో పేస్టు అంటే 10 శాతం. మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్ళు 10 లీటర్లు. కొన్ని చెట్లకే అయితే 100 గ్రాములు, 100 గ్రాములు, 1 లీటరు చాలు. పిచికారీకి వాడే 1 శాతం మిశ్రమం వేరు, దానికి అవే కిలో కిలోకు 100 లీటర్ల నీళ్ళు. కొట్లో అడిగేటప్పుడు ఈ రెండూ కలిపేసుకోవద్దు.

కలిపే తీరు ఇది. తుత్తాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి 5 లీటర్ల నీళ్ళలో పైపైన మునిగేలా రాత్రంతా వేలాడదీయండి. అడుగున పడేస్తే త్వరగా కరగదు. సున్నానికి కొద్దికొద్దిగా నీళ్ళు చల్లి విరగనిచ్చి, చల్లారాక మిగతా నీళ్ళు కలిపి గుడ్డలో వడకట్టండి. తర్వాత తుత్తం నీళ్ళను సున్నపు తేటలోకి పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. సున్నాన్ని తుత్తంలోకి పోస్తే ముద్దలు ముద్దలుగా విరుగుతుంది. పాత్రలు ప్లాస్టిక్ లేదా మట్టివి. ఇనుప డ్రమ్ము, రేకు బకెట్టు వాడితే రాగి అంతా పాత్రకే పడుతుంది, పాత్రా పాడవుతుంది.

పరీక్ష తప్పనిసరి. మెరిసే ఇనుప కత్తిని పేస్టులో నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పొర పడితే పులుపు మిగిలినట్టు, అలాగే పూస్తే బెరడు మాడుతుంది. ఇంకొంచెం సున్నపు తేట కలిపి మళ్ళీ ముంచండి. కత్తి తెల్లగా రావాలి. సంచి విప్పి నెలలు గడిచిన సున్నం గాలికి సుద్దగా మారిపోతుంది, అది పులుపును విరచదు. కిలోకు కిలో వేసినా కత్తి ఎర్రబడటానికి కారణం ఎక్కువగా అదే. రాయి సున్నం అయితే మేలు. కలిపిన పేస్టును ఆ రోజే వాడేయాలి. మర్నాటికి అడుగున గింజకట్టి, చెట్టుకు అంటే గుణం పోతుంది.

పూయడం: వాన లేని రోజు చూసి కోయండి, కోసిన రోజే బ్రష్షుతో ఒక పల్చటి పూత వేయండి. కోత ముఖం మీద, అంచు చుట్టూ అంగుళం బెరడు మీద. ముద్దలా మెత్తితే పెళ్ళలుగా రాలుతుంది. ఆరేలోపు వాన పడితే మళ్ళీ పూయాలి. రెండు అంగుళాలకన్నా సన్నటి కోతలకు విడిగా పూత అక్కర్లేదు. కత్తిరింపు మొత్తం అయ్యాక చెట్టంతా తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు పిచికారీ చేస్తే చిన్న కోతలన్నీ అందులోనే కలిసిపోతాయి. తుత్తం, సున్నం తిప్పలు వద్దనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడినే బ్రష్షుకు నిలిచేంత చిక్కగా నీళ్ళతో కలిపి పెద్ద కోతలకు వేయొచ్చు. వానకు బోర్డో కన్నా త్వరగా కొట్టుకుపోతుంది, అదొక్కటే తేడా.

పురుగు ముందే ఉంటే పైన పేస్టు వేసి లాభం లేదు. చీలిన మాను కింద రంపపు పొట్టులాంటి పొడి, బెరడు మీద చిన్న రంధ్రం, దాని కింద తడి చార ఉన్నాయేమో చూడండి. ఉంటే సైకిల్ చువ్వను కొస వంచి రంధ్రంలో పెట్టి పురుగును లాగేయాలి. అందకపోతే దూదిని పెట్రోలులో ముంచి లోపలికి కూరి, బయట మట్టితో గట్టిగా మూసేయాలి. వారం తర్వాత కొత్త పొట్టు రాలుతుంటే ఇంకో రంధ్రం ఉన్నట్టే. పాత పుస్తకాల్లో ఈ పనికి డైక్లోరోవాస్ అని ఉంటుంది, 2020 చివరి నుంచి దాని మీద నిషేధం ఉంది, అడగొద్దు.

కత్తిరింపులు ఆగస్టు దాటనివ్వకండి. ఆలస్యమైతే కొత్త చిగురు ముదరక, చెట్టుకు రావాల్సిన పువ్వు దెబ్బతింటుంది.

మట్టి_మనిషి:

పేడ, ఎర్రమట్టిని మరీ తీసిపారేయకండి. ముదురు తోటల కొమ్మలు బాగా కుదించేటప్పుడు కొన్నిచోట్ల తాజా పేడ పూయమని కూడా చెబుతారు. ఖర్చు లేదు, పచ్చి పొరను మాడ్చదు.

తుత్తం_సున్నం:

మాడ్చదన్నది నిజం. ఎండాకాలంలో బెరడు అంచు ఎండిపోకుండా చల్లగా ఉంచుతుంది కూడా. బూజును చంపే గుణాన్ని మాత్రం దాని మీద ఆనుకోలేం. ముసురు పట్టే రోజుల్లో మందంగా మెత్తితే లోపల తడి నిలుస్తుంది, లేకపోతే రెండు వానలకే కారిపోతుంది. చెద ఉన్న నేలల్లో ఇంకో చిక్కు ఉంది. చెద తనంతట తానే మట్టి దారి కట్టుకుని మాను ఎక్కుతుంది, మనమే మట్టి పూసిస్తే దాని పని తేలిక. నూజివీడు ఎర్ర నేలల్లో జూలైలో నేను పేడకు ఓటు వేయను.

ఈ చర్చ చదివే బత్తాయి రైతులకు ఒక మాట. మీకు పూత గాయాల కోసం మాత్రమే కాదు. మొదలు దగ్గర బంక కారే తెగులు ఫైటాఫ్తరా అనే సూక్ష్మజీవిది, అది నేలలోంచి వాన చినుకులతో చింది మానుకెక్కుతుంది. కుళ్ళిన బెరడును గీకి, గీకిన ముక్కలను తోట బయట కాల్చి, బోర్డో పేస్టు వేయాలి. తెగులు లేని చెట్లకు కూడా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూయాలి. అంటుకట్టు మట్టిలో పూడిపోకుండా, నీటి పాదు మానును తాకకుండా చూసుకోకపోతే పేస్టు ఎన్నిసార్లు పూసినా తెగులు తిరిగొస్తుంది.

కోనసీమ_బోదె:

కొబ్బరికి పై లెక్కలు పూర్తిగా తలకిందులు. మామిడి, వేపలకు బెరడు కింద ఉండే ఆ పచ్చి పొర కొబ్బరికి లేనే లేదు. కాబట్టి బోదె మీద గాయం ఎన్నేళ్ళయినా మూసుకోదు, అంచులు పొర్లుకురావడం ఉండదు. మాడిపోవడానికి పొర లేదు గనుక తారుకు భయపడాల్సిన పని కూడా లేదు. ఇక్కడ తారు మంచి మందే.

శత్రువు ఎర్రముక్కు పురుగు. పచ్చి గాయం వాసనకు వచ్చి అందులో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు బోదె లోపలే తిని తిరుగుతాయి. మొవ్వు వాలిపోయేదాకా బయటికి తెలియకపోవచ్చు, అప్పటికి చెట్టు దక్కదు. గాయంలో నమిలిన పీచు బయటికి వస్తోందా, గోధుమ రంగు జిగురు కారుతోందా చూడండి. బోదెకు చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. అవేమీ లేకపోతే వేలాడే నార, నలిగిన భాగం ఉలితో నున్నగా తీసేసి, బోర్డో పేస్టు వేసి, బాగా ఆరాక పైన తారు వేయండి. తారు బీటలు తీస్తే మళ్ళీ పూయాలి, ఒకసారితో పోయేది కాదు.

బోదె పగుళ్ళలోంచి ఎర్రటి గోధుమ రంగు ద్రవం కారి, ఎండి నల్లబడితే అది వేరే జబ్బు, కాండం మీద రసం కారే తెగులు. రంగు మారిన భాగమంతా చెక్కేసి, ఆ ముక్కలు కాల్చేసి, పైన చెప్పినట్టే పేస్టు, తారు. దాంతోపాటు చెట్టుకు ఏడాదికి 5 కిలోల వేపపిండి పాదులో వేస్తారు.

ఎక్కడానికి బోదెకు మెట్లు కొట్టించవద్దు, మేకులు దిగ్గొట్టొద్దు. పచ్చి మట్టలు తీయాల్సి వస్తే బోదెకు ఆనించి కోయకుండా నాలుగు అడుగుల మట్ట వదిలేయండి. పురుగు ఆ కోతలో గుడ్డు పెట్టినా మట్ట మొదటి వరకు చేరలేదు.

నూజివీడు_తోట:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. పంగలో పగిలిన చెట్టు మాత్రం మిగిలింది. మేస్త్రి ఇనుప తీగ చుట్టి బిగించి, పగులులో సిమెంటు పోద్దామంటున్నాడు. గుబురు తీశాక లోపలి పెద్ద కొమ్మలకు ఎండ తగులుతుంది, దానికేమైనా చేయాలా? వేప మోళ్ళను మళ్ళీ కోయించాలా?

కొమ్మకత్తెర:

తీగ వద్దు. చెట్టు లావెక్కే కొద్దీ తీగ బెరడులోకి దిగి, పైకీ కిందికీ రసం నడిచే దారిని కోసేస్తుంది. కొన్నేళ్ళకు ఆ కొమ్మ తీగ దగ్గరే విరగొచ్చు. సిమెంటు ఇంకా వద్దు. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో సందు పడి నీరు నిలుస్తుంది. తొర్రలో నీళ్ళు నిలిచాయని కింద చిల్లు పెట్టడం కూడా ఇలాంటిదే, చెట్టు కట్టుకున్న గోడను మనమే పొడిచినట్టు.

ముందు పగులు ఎక్కడిదాకా దిగిందో చూడండి. పంగ దాటి మానులోకి అడుగున్నర, రెండడుగులు దిగి, రెండు ముక్కలూ గాలికి విడివిడిగా కదులుతుంటే, బలహీనమైన కొమ్మను తీసేయడమే క్షేమం. కింద మనుషులు కాయ ఏరే చోటు అది. పగులు పంగ దగ్గరే ఆగితే బోల్టుతో నిలబెట్టొచ్చు. మొదట రెండు కొమ్మల చివర్లు కుదించి బరువు తగ్గించండి. ఒక కొమ్మలో నాలుగో వంతుకన్నా ఎక్కువ ఆకు ఒకేసారి తీయొద్దు. తర్వాత పైన మోకు వేసి, గొలుసు కప్పీతో రెండు కొమ్మలనూ దగ్గరికి లాగి, పగులు మూసుకున్నాక అరంగుళం మందం గాల్వనైజ్డ్ మరచువ్వను ఆర్‌పార్ దించండి. ఒకటి పంగకు కాస్త కింద, పగులుకు అడ్డంగా. ఇంకొకటి పంగకు పైన, కొమ్మ మందానికి ఒకటి నుంచి రెండు రెట్ల ఎత్తులో రెండు కొమ్మలనూ కలుపుతూ. రంధ్రం చువ్వ మందమే ఉండాలి, వదులుంటే ఊగి లోపల అరుగుతుంది. రెండు చివర్లా వెడల్పు వాషరు, నట్టు. వాషరు కింద బెరడును అంతమేర తీసి, కర్రకు ఆనేలా బిగించాలి. బెరడు మీదే బిగిస్తే కింద బెరడు చచ్చి వదులవుతుంది. పగులు పైభాగాన ఒక పూత బోర్డో పేస్టు, అంతకుమించి ఏ ముద్దా కూరొద్దు.

ఎండ సంగతి బాగా అడిగారు, చాలామంది మరిచిపోయేది అదే. ఇన్నాళ్ళూ నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు గురైతే పడమటి వైపు, కొమ్మల పైభాగాన కమిలి పగులుతుంది, ఆ పగుళ్ళలోకి కాండం తొలిచే పురుగు వస్తుంది. వానలు తగ్గాక, వేసవికి ముందు బయటపడ్డ పెద్ద కొమ్మలకు పల్చటి సున్నం వేయించండి. ఇది నిజంగా పనికొచ్చే పూత.

వేప మోళ్ళను మెడ వరకు మళ్ళీ కోయించండి, పైన ఏమీ పూయొద్దు. మోడు మొదట్లో బెరడు ఇప్పటికే గాజులా ఉబ్బి వస్తుంటే ఆ ఉబ్బును ముట్టుకోకుండా, దాని బయట ఎండిన కర్రను మాత్రం తీయాలి. లైను ఆపించాకే మనిషిని ఎక్కించండి. పచ్చి కొమ్మ తీగకు తగిలినా కరెంటు వస్తుంది.

తుత్తం_సున్నం:

చివరగా ఒకటి. మిగిలిన పేస్టు, బకెట్లు కడిగిన నీళ్ళు చెరువులో, కాలవలో పారబోయకండి, రాగి చేపలకు విషం. రోజుకు ఎన్ని చెట్లు కోస్తారో మేస్త్రిని అడిగి దానికి సరిపడానే కలుపుకోండి. అయినా మిగిలితే అదే రోజు చీలికలున్న మిగతా మానులకు పూసేయండి. తుత్తం నీళ్ళు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు, కలిపే మనిషికి చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఇవ్వండి.